కోటిపల్లి స్టేషన్‌కి ఒక ఫ్లాష్‌బ్యాక్!

సాయంత్రం ఆరు దాటితే బెంజ్ సర్కిల్‌లో మనిషి మాట మనిషికి వినపడదు. ఇటు బందరు రోడ్డు, అటు చెన్నై – కోల్‌కతా హైవే, రెండూ అక్కడే కలుసుకుంటాయి. నెత్తిమీద ఫ్లైఓవర్, కింద ఆటోల హారన్లు. ఆ గోలలో టీ గ్లాసు చేత్తో పట్టుకుని, అసిస్టెంట్ డైరెక్టరుగా పనిచేస్తున్న మా మిత్రుడొకడు నా చెవిలో అరిచాడు.

"గురూ! అర్జెంటుగా ఒక రైల్వే స్టేషన్ కావాలి!"

"దానికింత అరుపెందుకు? ఆటో ఎక్కు. జంక్షన్ దగ్గర దింపుతాడు."

"అది కాదెహె! రైలు రాని స్టేషన్ కావాలి. హీరో ఇరవై ఏళ్ల తర్వాత సొంత ఊరొస్తాడు. ప్లాట్‌ఫారం మీద గడ్డి... బోర్డు మీద తుప్పు... ఎండుటాకులు ఎగురుతూ వుంటాయి. వెనకాల ఫ్లూటు! జనం కర్చీఫులు తీయాలి. ఒక్క రోజు షూటింగే. ఎక్కడైనా పాడుబడ్డ స్టేషన్ వుంటే చెప్పు."

నాకు నవ్వొచ్చింది. పాడుబడ్డ స్టేషన్ కోసం బెజవాడలో వెతకడమంటే సముద్రం ఒడ్డున నిలబడి మంచినీళ్ల బావి ఎక్కడని అడిగినట్టే! నిజాం రైలు 1889లో బెజవాడ చేరింది. ఆ తర్వాత కృష్ణ మీద వంతెన పడింది. మద్రాసు వైపు, కలకత్తా వైపు, హైదరాబాదు వైపు దారులన్నీ ఇక్కడే ముడిపడ్డాయి. అప్పట్నించి ఈ ఊరికి రైలు కూత లేని రాత్రి లేదు. ఇక్కడి పిల్లలు జోలపాట కంటే ముందు ప్లాట్‌ఫారం అనౌన్స్‌మెంటు నేర్చుకుంటారు!

"ఒక స్టేషన్ వుంది" అన్నాను. "కానీ నువ్వు చెప్పే టైపు కాదు. అది పుట్టి పన్నెండేళ్లకే పోయింది. పోయిన అరవై నాలుగేళ్లకి మళ్లీ పుట్టింది."

మావాడు టీ తాగడం ఆపేశాడు. "పునర్జన్మ కథా? 'మూగమనసులు' లాగా?"

"అచ్చం అలాగే. అదీ గోదావరి ఒడ్డునే!"

మర్నాడు తెల్లవారుజామున ఇద్దరం బయల్దేరాం. మాతోపాటు మీరూ రండి. టిక్కెట్టు అక్కర్లేదు.

అమ్మమ్మ అబద్ధం

దారిలో మావాడికి చెప్పిన సంగతి మీకూ చెప్పాలి. ఎందుకంటే ఆ స్టేషన్ గురించి నాకు మొదట చెప్పింది ఏ పుస్తకమూ కాదు, మా అమ్మమ్మ.

అమ్మమ్మది ద్రాక్షారామం. చివరి రోజుల్లో పటమటలో మా ఇంట్లోనే వుండేది. రాత్రి పూట రైలు కూత వినబడితే చాలు, మంచం మీద లేచి కూచుని, "ఒరే నాన్నా, మా ఊరికీ రైలుండేదిరా. నేనెక్కాను" అనేది. అమ్మతో కలిసి కాకినాడ పెళ్లికి వెళ్లిందట. కిటికీ దగ్గర కూచుంటే కంట్లో బొగ్గు నలుసు పడిందట. ఏడిస్తే వాళ్ల నాన్న జీళ్లు కొనిపెట్టాడట!

మేం పడీపడీ నవ్వేవాళ్లం. ఎందుకంటే సెలవులకి ద్రాక్షారామం వెళ్లినప్పుడు మేం చూసిన ఊళ్లో రైలు లేదు. పట్టాలు లేవు. "ఎక్కడే నీ రైలు?" అంటే పొలాల వైపు చెయ్యి చూపించేది. అక్కడ వరి తప్ప ఏమీ కనపడేది కాదు. "అమ్మమ్మా, నువ్వు ఎక్కింది రైలు కాదే, ఎడ్లబండి" అని ఏడిపించేవాళ్లం. కొన్నాళ్లకి ఆవిడ చెప్పడం మానేసింది. 2001లో పోయింది.

మూడేళ్లు గడిచాయి. 2004లో ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి రైలు వచ్చిందని పేపర్లో చదివాం. ఆ వార్తలోనే "1928 నాటి పాత లైను" అన్న మాట కూడా వుంది.

ఆ రోజు మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

టాకీకంటే పెద్దది!

కాకినాడ నుంచి కోటిపల్లి దాకా 45 కిలోమీటర్ల ఆ బ్రాడ్‌గేజ్ లైను 1928లో వేశారు. సినిమా లెక్కలో చెబితే మీకు చటుక్కున అర్థమవుతుంది. హెచ్.ఎం. రెడ్డి తీసిన మన మొట్టమొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' జనం ముందుకి వచ్చింది 1932లో. అంటే తెలుగు సినిమాకి మాటలు రాకముందే ద్రాక్షారామం పొలాల్లో రైలు కూత పెట్టిందన్నమాట! అప్పటికి తెరమీద బొమ్మలు మూగవి. పట్టాల మీద ఇంజను మాత్రం టాకీయే!

ఇంతకీ లైను కోటిపల్లికే ఎందుకు? మ్యాపు తీసి చూడండి. ఒక చివర కాకినాడ... ఓడరేవు వున్న ఊరు. రెండో చివర కోటిపల్లి... గౌతమి ఒడ్డున రేవు. రేవు దాటితే అవతల ముక్తేశ్వరం, ఇంకాస్త వెళితే అమలాపురం, అదంతా కోనసీమ. కొబ్బరికాయలు, అరటి గెలలు, ధాన్యం అవతల ఒడ్డున పండుతాయి. ఓడలు ఇవతల సముద్రంలో ఆగుతాయి. ఆ రెంటికీ మధ్య రైలు. దారిలో రామచంద్రపురం, ద్రాక్షారామం.

పంటల సంగతి అలా వుంచండి. దేవుళ్ల లెక్క చూసినా అది మామూలు దారి కాదు. ద్రాక్షారామంలో భీమేశ్వరుడు పంచారామాల్లో ఒకడు. కోటిపల్లిలో సోమేశ్వరుడు. శివరాత్రి వచ్చిందంటే గౌతమిలో మునక వేయడానికి జనం కోటిపల్లి రేవుకి విరగబడి వస్తారు. పన్నెండేళ్లకోసారి వచ్చే గోదావరి పుష్కరాల మాట చెప్పనే అక్కర్లేదు.

ఇక కాకినాడ అంటే ఆ రోజుల్లో నాటకాల ఊరు. అక్కడి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు స్టేజీ మీద వేషాలు కట్టినవాళ్లలో ఎవరున్నారో తెలుసా? ఎస్.వి. రంగారావు, అంజలీదేవి, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు! తర్వాత మద్రాసు స్టూడియోలని ఏలిన మహానుభావులంతా ముందు కాకినాడలో రంగు పూసుకున్నవాళ్లే.

అన్నట్టు, రైలుకీ మన సినిమాకీ వున్న చుట్టరికం చిన్నది కాదు. రీళ్ల కాలంలో సినిమా ప్రింటు ఇనప పెట్టెల్లో ప్రయాణం చేసేది. మన బెజవాడ గాంధీనగర్ డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల నుంచి పెట్టెలు బయల్దేరి, రైళ్లలో, బస్సుల్లో ఊళ్లకి చేరేవి. పెట్టె దిగిందంటే ఆ ఊరికి హీరో దిగినట్టే! రైలు లేని ఊరికి హీరో కూడా కాస్త ఆలస్యంగా వచ్చేవాడు.

ఇంటర్వెల్ బ్యాంగ్ — యుద్ధం!

1939 సెప్టెంబరులో యూరప్‌లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. అక్కడెక్కడో యుద్ధం జరిగితే ద్రాక్షారామానికి ఏమిటి సంబంధం అంటారా? అక్కడే వుంది కిటుకు.

యుద్ధానికి తుపాకులు ఒక్కటే చాలవు. సైన్యం కదలాలి, తిండి కదలాలి, మందుగుండు కదలాలి. దానికి రైళ్లు కావాలి. రైళ్లకి పట్టాలు కావాలి. కొత్త పట్టాలు పోతపోసే టైము లేదు. అప్పుడు తెల్లదొరతనం కన్ను మన కొమ్మ లైన్ల మీద పడింది. మెయిన్ లైను మీద చెయ్యి వేస్తే దేశం ఆగిపోతుంది. కొమ్మ లైను పీకేస్తే ఆగేది నాలుగు ఊళ్లే కదా! దేశంలో చాలాచోట్ల ఇదే తంతు జరిగింది.

1940లో కోటిపల్లి వంతు వచ్చింది.

పట్టాలు లేపడం ఎలాగో ఎప్పుడైనా ఆలోచించారా? వేసిన దానికి అచ్చం ఎదురు క్రమం. రెండు పట్టాల్ని కలిపే ఫిష్‌ప్లేట్ల బోల్టులు విప్పుతారు. పట్టాని స్లీపరుకి బిగించిన మేకులు పెరుకుతారు. గునపాలు వేసి పట్టాని పక్కకి దొర్లిస్తారు. స్లీపర్లు ఎత్తేస్తారు. చివరికి మిగిలేది కంకర, మట్టికట్ట. కంకర ఎవరికి దొరికింది వాళ్లు తీసుకుపోతారు, కట్ట మీద గడ్డి మొలుస్తుంది. పదేళ్లు పోతే అక్కడ రైలుండేదని చెప్పడానికి ముసలాళ్ల నోళ్లు తప్ప సాక్ష్యం వుండదు!

సినిమా వాళ్లని మాత్రం యుద్ధం వదిలిపెట్టిందా? ముడి ఫిల్ముకి కరువొచ్చింది. సినిమా 11 వేల అడుగులు దాటకూడదని 1943లో సర్కారు ఆంక్ష పెట్టింది. మన నిర్మాతలు పాటలు కోసుకున్నారు, పద్యాలు కోసుకున్నారు. కానీ ఒక్కటి గమనించండి. యుద్ధం అయ్యాక ఫిల్ము మళ్లీ వచ్చింది. పద్యాలు, పాటలు మళ్లీ వచ్చాయి. కోటిపల్లి పట్టాలు మాత్రం రాలేదు!

ఇంకో చిత్రం. పట్టాలు పట్టుకుపోయిన ఆ యుద్ధం రెండేళ్లకి స్వయంగా కాకినాడ వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఊళ్లు ఖాళీ చేసి పారిపోవాలంటే కోటిపల్లి వైపు పోయేవాళ్లకి అప్పటికి రైలు లేదు.

మిగతావాళ్లకి దొరికింది... మనకి?

ఇలా పట్టాలు పోగొట్టుకున్నది కోటిపల్లి ఒక్కటే కాదు. మళయాళ దేశంలో షోరనూరు – నిలంబూరు లైను వుంది. టేకు అడవుల మధ్య సాగే అందమైన దారి. అది మనకంటే ఒక ఏడాది ముందు, 1927లో పుట్టింది. 1941లో దాన్నీ పీకేశారు. 1954 నాటికి తిరిగి వేశారు. అంటే పదమూడేళ్లు.

హిమాచల్ కొండల్లో కాంగ్రా లోయ రైలు వుంది. బొమ్మరైలంత చిన్నది. అందులో నగ్రోటా నుంచి జోగీందర్‌నగర్ దాకా వున్న ముక్కని 1942లో ఎత్తేశారు. 1954లో మళ్లీ కలిపారు. అంటే పన్నెండేళ్లు.

మరి మన కోటిపల్లికి? అరవై నాలుగేళ్లు!

అరవై నాలుగేళ్లంటే ఎంతో తెలియాలంటే పుష్కరాల్లో లెక్క పెట్టండి. రైలున్న పన్నెండేళ్లలో ఒక్కసారే పుష్కరాలు వచ్చాయి. పట్టాలు లేని కాలంలో ఆరుసార్లు వచ్చాయి. 1979లో వచ్చాయి, 1991లో వచ్చాయి, 2003లోనూ వచ్చాయి. ప్రతిసారీ జనం కోటిపల్లి రేవుకి బస్సుల్లో వచ్చారు, పడవల్లో వచ్చారు, నడిచి వచ్చారు. రైల్లో మాత్రం రాలేదు.

ఎందుకింత ఆలస్యం? నాకు తోచింది చెబుతాను, మీకు నచ్చకపోతే కొట్టిపారేయండి. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక డెల్టా అంతా కాలవలు పారాయి. కాలవ వున్నచోట పడవ వుంది. రైలు పోయిందని గోదావరి జిల్లావాళ్లు ధాన్యాన్ని గాదెల్లో మురగబెట్టుకోలేదు. పడవెక్కించారు. తర్వాత లారీ ఎక్కించారు. పని ఎలాగో జరిగిపోతోంది కనక, పోయినదాన్ని అడిగే గొంతు మెల్లమెల్లగా తగ్గిపోయింది. సర్దుకుపోయే మనిషికి సర్కారు ఏదీ వెంటనే ఇవ్వదండీ!

మన సినిమాల్లోనూ అదే కనిపిస్తుంది. గోదావరి అనగానే మీకేం గుర్తొస్తుంది? పడవ! 1964లో ఆదుర్తి సుబ్బారావు 'మూగమనసులు' తీస్తే అందులో అక్కినేని పడవవాడు. 1973లో బాపు, రమణలు 'అందాల రాముడు' తీస్తే కథంతా లాంచీ మీదే నడిచింది. రామచంద్రపురానికి దగ్గర్లోని పసలపూడిలో పుట్టిన దర్శకుడు వంశీ గోదావరి పల్లెల్ని కథల్లో, సినిమాల్లో అణువణువూ చూపించాడు. తెరమీద గోదావరి గట్టుకి పడవ వుంది, తాటిచెట్టు వుంది, తాంబూలం వుంది. గౌతమి ఒడ్డుకొచ్చి ఆగే రైలు మాత్రం లేదు. బాపు 1979లో 'తూర్పు వెళ్లే రైలు' తీశాడు. అది భారతీరాజా తమిళ చిత్రానికి తెలుగు రూపం. ఆ ఏడాది తూర్పుగోదావరిలో కోటిపల్లి వెళ్లే రైలే లేదు!

పాత 'దేవదాసు' గుర్తుందా? చివర్లో రైలు దిగి, పార్వతి ఊరికి బండి కట్టించుకుంటాడు. స్టేషన్‌కీ ఊరికీ మధ్య ఆ బండి ప్రయాణమే మన గుండెలు పిండింది. స్టేషనే లేకపోతే దేవదాసు ఎక్కడ దిగుతాడు చెప్పండి?

రెండో జన్మ

పునర్జన్మ కథల్లో పాత సంగతి గుర్తుచేసేవాడు ఒకడు వుండాలి. ఈ కథలో ఆ పాత్ర జి.ఎం.సి. బాలయోగిది. కోనసీమ బిడ్డ. అమలాపురం నుంచి పార్లమెంటుకి వెళ్లి, 1998లో లోక్‌సభ స్పీకరయ్యాడు. ఢిల్లీలో అంత పెద్ద కుర్చీ ఎక్కినా గౌతమి ఒడ్డుని మరిచిపోలేదు. కాకినాడ – కోటిపల్లి లైను తిరిగి వేయించాలని పట్టుబట్టాడు. రైల్వే కాగితాల్లో ఆ పనికి పెట్టిన పేరు కొత్త లైను అని కాదు, "పునరుద్ధరణ" అని. మా అమ్మమ్మ చెప్పింది నిజమని సర్కారు సంతకం పెట్టినట్టే కదా!

అక్కడితో ఆగలేదు. కోటిపల్లి నుంచి గౌతమి దాటి, అమలాపురం మీదుగా నరసాపురం దాకా దాదాపు 57 కిలోమీటర్ల కొత్త లైను 2000–01లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ... మూడు పాయల మీద మూడు వంతెనలు!

ఇక్కడ కథ మలుపు తిరిగింది. 2002 మార్చి 3న బాలయోగి ప్రయాణిస్తున్న హెలికాప్టరు అప్పటి కృష్ణాజిల్లా కైకలూరు దగ్గర కూలిపోయింది. ఆయన చనిపోయాడు. మన డెల్టా చేపల చెరువుల మధ్య, కొల్లేటికి దగ్గర్లో, కోనసీమ రైలు కలగన్న మనిషి కన్నుమూశాడు. యానాం – ఎదుర్లంక మధ్య గౌతమి మీద కట్టిన రోడ్డు వంతెనకి ఆయన పేరే పెట్టారు.

రెండేళ్లకి, 2004లో, కోటిపల్లికి రైలు మళ్లీ వచ్చింది. దాన్ని అడిగినాయన లేడు. దాన్ని ఎక్కిన మా అమ్మమ్మా లేదు. 1940లో పదేళ్ల పిల్లకి 2004 నాటికి డెబ్భై నాలుగేళ్లు. ఆ వయసు దాకా బతికి, పాత రైలునీ కొత్త రైలునీ రెంటినీ చూసినవాళ్లు ఆ ఊళ్లలో ఎంతమంది మిగిలారంటారు?

ఈసారి వచ్చినది పొగ ఇంజను కాదు. రైలు బస్సు! పేరు విని మీరు నవ్వకండి. పట్టాల మీద నడిచే ఒంటి పెట్టె డీజిలు బండి. ముందూ వెనకా ఏమీ వుండదు. పచ్చటి వరిచేల మధ్య ఆ ఒక్క పెట్టె ఊగుతూ వెళ్తుంటే, బడికి ఒంటరిగా వెళ్తున్న పిల్లాడిలా వుండేది.

క్లైమాక్స్ లేని కోటిపల్లి

మేం హైవే మీద తాడేపల్లిగూడెం దాటి, రావులపాలెం దాటి, జొన్నాడ దగ్గర గౌతమి దాటి, మండపేట, రామచంద్రపురం మీదుగా కోటిపల్లి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ముందు రేవుకి వెళ్లాం. అవతల ముక్తేశ్వరం ఒడ్డు కొబ్బరిచెట్ల గీతలా కనిపిస్తోంది. గాలికి నీళ్లు గట్టుని తడుతున్నాయి.

ఆ తర్వాత స్టేషన్. చిన్న ప్లాట్‌ఫారం. మూడు భాషల్లో పేరు. ఎవరూ లేరు. మేం వెళ్లిన రోజున రైలూ లేదు. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి దేశమంతటా ప్రయాణికుల రైళ్లు ఆపేసినప్పుడు ఈ రైలు బస్సూ ఆగింది.

మావాడు రెండు చేతులూ ఫ్రేములా పట్టుకుని, ఒక కన్ను మూసి చూశాడు. "గురూ, అదిరింది! కొంచెం గడ్డి పరిచి, బోర్డుకి తుప్పు రంగు కొడితే..."

పక్కన టీ కొట్టు పెద్దాయన వింటున్నాడు. "తుప్పు రంగెందుకండీ?" అన్నాడు.

"పాడుబడ్డ స్టేషన్ సీనండి బాబాయ్ గారూ" అన్నాడు మావాడు.

"ఆయ్! ఇది పాడుబడ్డం కాదండి. ఓసారి పోయి వచ్చిందండి ఇది. మళ్లీ ఎదురుచూస్తందండి." పెద్దాయన టీ వడపోస్తూ గోదావరి వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "అటు చూశారా? వంతెన స్తంభాలండి."

చూశాం. గౌతమిలో కోనసీమ లైను కోసం లేచిన స్తంభాలు నిలబడి వున్నాయి.

అక్కడ నాకు ఒక సంగతి తట్టింది. 1928లో వేసినా, 2004లో వేసినా ఈ లైను చేసిన పని సగమే. ఏటి ఒడ్డుదాకా వచ్చి ఆగిపోయింది. కోనసీమవాడు పడవ దిగి, గట్టెక్కి, అప్పుడు రైలెక్కాలి. ఈలోగా రోడ్డు వంతెనలు పడ్డాయి, ఇంటి ముందుకే బస్సు వచ్చింది. ఒంటి పెట్టె రైలు బస్సు వాటితో ఎలా పోటీ పడుతుంది? దారి చివర గోడ కడితే ఎంత మంచి రోడ్డయినా సందే అవుతుంది. ఏరు దాటి, అమలాపురం మీదుగా నరసాపురం కలిస్తేనే కోటిపల్లి నిజమైన స్టేషన్. అప్పుడు కాకినాడ బండి కోనసీమ గుండా భీమవరం, గుడివాడ మీదుగా మన బెజవాడ దాకా రావచ్చు. ద్రాక్షారామంలో రైలెక్కిన పిల్ల పటమటలో అమ్మమ్మ ఇంటికి రావచ్చు!

"ఏమాలోచిస్తున్నావ్?" అన్నాడు మావాడు.

"ఏం లేదు. మీ హీరో ఇరవై ఏళ్లకి ఊరొస్తే జనం ఏడుస్తారన్నావే. ఈ స్టేషన్ అరవై నాలుగేళ్లకి వచ్చింది. ఒక్కరూ సినిమా తీయలేదు."

మావాడు ఏమీ అనలేదు. చాలాసేపు పట్టాల మీద కూచున్నాడు. తిరుగు ప్రయాణంలో రావులపాలెం దగ్గర నోరు విప్పాడు. "హీరో కాదు గురూ. ముసలావిడ. తన ఊళ్లో రైలుండేదని అంటుంది. ఎవరూ నమ్మరు. అదీ కథ!"

"తీస్తావా?"

"ప్రొడ్యూసర్ దొరకాలిగా!"

అదండీ సంగతి. ఆ సినిమా వస్తుందో రాదో నాకు తెలియదు. మీకు మాత్రం ఒక్క మాట. ఈ రాత్రి ఇంటికెళ్లి మీ అమ్మమ్మనో తాతయ్యనో అడగండి, "మీ ఊళ్లో ఇప్పుడు లేనిది అప్పుడు ఏముండేది?" అని. రైలే కానక్కర్లేదు. ఒక టూరింగ్ టాకీస్ కావచ్చు, ఒక రేవు కావచ్చు, ఒక నాటకం స్టేజీ కావచ్చు. చెబుతుంటే మధ్యలో నవ్వకండి. నేను నవ్వాను. ఆ కిటికీ పక్కన ఇంకేం కనిపించిందో అడుగుదామంటే ఇప్పుడు అమ్మమ్మ లేదు.

మేం బెంజ్ సర్కిల్‌లో దిగేసరికి రాత్రి పదకొండు. జంక్షన్ వైపు నుంచి ఏదో బండి కూత పెట్టింది. మావాడు టక్కున ఆగి విన్నాడు.

"ఇంతకీ ఆవిడకి కొనిపెట్టింది జీళ్లేనా?" అన్నాడు.

"జీళ్లే!"

"స్క్రిప్టులో రాసుకుంటా" అన్నాడు.